పనిని బట్టే పొదుపు: హైబ్రిడ్ పికప్ ట్రక్కుల్లో ఇంధన వినియోగం, లాగుడు శక్తి

అమెరికా వ్యవసాయ క్షేత్రాల్లో ట్రాక్టరుకు దీటుగా నిత్యం వినియోగంలో ఉండే యంత్రం పికప్ ట్రక్కు. విత్తనం, ఎరువు, దాణా, పనిముట్లు తరలించడం, పశువుల ట్రైలరును సంతకు లాక్కువెళ్లడం, తోటలో గేటు నుంచి గేటుకు తిరగడం వంటి పనులన్నింటికీ అక్కడి రైతు ఈ ఒక్క వాహనాన్నే నమ్ముకుంటాడు. బరువు లాగగల శక్తి కావాలంటే పెద్ద ఇంజను ఉండాలి. పెద్ద ఇంజను ఉంటే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. దశాబ్దాలుగా ఈ వాహనాలను పరిమితం చేసిన చిక్కు ఇదే. పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారును జోడించిన హైబ్రిడ్ పికప్‌లు ఈ చిక్కును విప్పుతాయని, శక్తిని, పొదుపును రెంటినీ ఇస్తాయని తయారీదారులు చెబుతున్నారు.

ఈ మాట కొన్ని పనుల విషయంలో పూర్తిగా నిజం, మరికొన్ని పనుల విషయంలో దాదాపు అసత్యం. ఒకే వాహనం ఒక రైతుకు ఇంధనంలో నాలుగో వంతు మిగిల్చి, పక్క రైతుకు ఏమీ మిగల్చకపోవచ్చు. ఈ తేడాకు వాహనపు నాణ్యతతో సంబంధం లేదు. అది చేసే పని స్వభావమే కారణం. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు రవాణా వాహనాలు, యంత్రాల కొనుగోలుపై సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ సూత్రం అవగతం కావడం అవసరం. తప్పుగా వేసిన పొదుపు లెక్క చివరకు అప్పుగా మారేది రైతు పద్దులోనే.

పెద్ద ఇంజను, చిన్న పని

హైబ్రిడ్ ప్రయోజనాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా సాధారణ పెట్రోలు ఇంజను ఇంధనాన్ని ఎక్కడ వృథా చేస్తుందో తెలుసుకోవాలి. సుమారు 2,500 కిలోల బరువున్న పికప్ చదునైన రహదారిపై గంటకు 100 కిలోమీటర్ల స్థిర వేగంతో వెళ్లడానికి, గాలి నిరోధాన్ని, టైర్ల దొర్లుడు నిరోధాన్ని కలిపి లెక్కిస్తే, చక్రాల వద్ద కావలసిన శక్తి దాదాపు 25 కిలోవాట్లు, అంటే సుమారు 34 అశ్వశక్తి. అదే వాహనంలో అమర్చిన ఇంజను సామర్థ్యం 400 అశ్వశక్తి. ట్రైలరును ఎత్తు ఎక్కించే కొద్ది నిమిషాల కోసం ఎంపిక చేసిన ఇంజను, మిగిలిన సమయమంతా తన సామర్థ్యంలో పదో వంతు కూడా వినియోగించకుండా నడుస్తుందన్నమాట.

పెట్రోలు ఇంజను తేలిక భారం వద్ద సమర్థంగా పనిచేయదు. దాని శక్తిని తగ్గించాలంటే లోపలికి వెళ్లే గాలిని థ్రాటిల్ కవాటంతో అడ్డుకోవాలి. అలా అడ్డుకున్న గాలిని పీల్చుకోవడానికే పిస్టన్లు కొంత శక్తిని వెచ్చిస్తాయి. దీనికి తోడు ఇంజను లోపలి రాపిడి భారం తగ్గినంత మాత్రాన అదే నిష్పత్తిలో తగ్గదు. ఫలితంగా అనుకూలమైన భారం వద్ద ఇంధన శక్తిలో మూడో వంతు లేదా కొంత ఎక్కువ భాగాన్ని పనిగా మార్చగల ఇంజను, తేలిక భారం వద్ద అయిదో వంతును కూడా మార్చలేని స్థితికి దిగజారుతుంది. వాహనం నిలిచి ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు ఈ సామర్థ్యం సున్నా.

పొదుపు వచ్చే మూడు మార్గాలు

హైబ్రిడ్ వాహనంలో బయటి నుంచి చేరే శక్తి ఏమీ ఉండదు. ప్లగ్ ద్వారా ఛార్జి చేసే రకాలను మినహాయిస్తే, బ్యాటరీలోని ప్రతి యూనిట్టూ చివరకు పెట్రోలు నుంచి వచ్చినదే. కాబట్టి వృథా అయ్యేదానిని తిరిగి పట్టుకోవడం ద్వారా మాత్రమే హైబ్రిడ్ ఆదా చేయగలదు. ఆ మార్గాలు మూడు.

మొదటిది, బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే గతిజ శక్తిని మోటారు ద్వారా విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నిల్వ చేయడం. రెండవది, వాహనం నిలిచినప్పుడు, అతి నెమ్మదిగా కదిలేటప్పుడు ఇంజనును పూర్తిగా ఆపివేయడం. మూడవది, తేలిక భారంతో ఇంజనును అసమర్థంగా నడపకుండా, అది నడిచే సమయంలో అనుకూలమైన భారం వద్ద నడిపి, మిగులు శక్తిని బ్యాటరీకి పంపి, తరువాత ఆ శక్తితో వాహనాన్ని కదిలించడం.

మొదటి మార్గంలో ఎంత లాభమో లెక్కించవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 2,500 కిలోల వాహనపు గతిజ శక్తి సుమారు 347 కిలోజౌళ్లు, అంటే దాదాపు 0.1 కిలోవాట్-గంట; వాడుక భాషలో విద్యుత్ యూనిట్‌లో పదో వంతు. దానిలో 60 శాతం తిరిగి చక్రాలకు చేరుతుందని, ఇంజను సామర్థ్యం 30 శాతమని అనుకుంటే, ఒక్కసారి ఆగినందుకు మిగిలే పెట్రోలు సుమారు 20 మిల్లీలీటర్లు. ఇది స్వల్పంగానే కనిపిస్తుంది. కానీ రోజుకు 50 సార్లు ఆగి బయలుదేరే వాహనానికి అది లీటరు అవుతుంది. రహదారిపై 200 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లే వాహనానికి ఈ పద్దు కింద జమయ్యేది దాదాపు ఏమీ లేదు.

ఇక్కడ చోదకుని అలవాటు కూడా లెక్కలోకి వస్తుంది. ఇదే వాహనాన్ని 6 సెకన్లలో ఆపితే బ్రేకుల వద్ద సగటున 58 కిలోవాట్ల శక్తి విడుదలవుతుంది. మోటారు సామర్థ్యం 35 కిలోవాట్లు మాత్రమే అయితే మిగిలినది మామూలు బ్రేకుల్లో వేడిగా పోతుంది. 12 సెకన్లలో ఆపితే ఆ సగటు 29 కిలోవాట్లు. దాదాపు మొత్తం మోటారుకు అందుతుంది. ముందుచూపుతో, నెమ్మదిగా బ్రేకు వేసే చోదకుడికి హైబ్రిడ్ ఎక్కువ తిరిగి ఇస్తుంది.

రెండు భిన్న రూపకల్పనలు

హైబ్రిడ్ పికప్ ఆలోచన కొత్తది కాదు. జనరల్ మోటార్స్ సంస్థ తొలుత 42 వోల్టుల వ్యవస్థతో సాధారణ స్థాయి హైబ్రిడ్ పికప్‌లను, ఆ తరువాత 2009 నుంచి 2013 మోడళ్ల వరకు 6.0 లీటర్ల ఇంజనుతో కూడిన రెండు విధానాల హైబ్రిడ్ సిల్వరాడోను విక్రయించింది. రెండవది సుమారు 2,770 కిలోల ట్రైలరును మాత్రమే లాగగలిగేది. ఆ తరగతి వాహనం కొనేవారు ఆశించే లాగుడు శక్తి అంతకంటే ఎక్కువ. పొదుపు కోసం లాగుడును తగ్గించుకోవడం పికప్ కొనుగోలుదారులకు రుచించలేదు.

2021 తరువాత వచ్చిన వాహనాల్లో రెండు స్పష్టమైన రూపకల్పన ధోరణులు కనిపిస్తాయి. మొదటి ధోరణిలో పెద్ద ఇంజనును అలాగే ఉంచి దానిపై మోటారును చేర్చుతారు. ఫోర్డ్ ఎఫ్-150 పవర్‌బూస్ట్ ఇందుకు ఉదాహరణ. దీనిలో 3.5 లీటర్ల జంట టర్బో వి-6 ఇంజను, 10 గేర్ల గేరుబాక్సులో ఇమిడిన 35 కిలోవాట్ల మోటారు, 1.5 కిలోవాట్-గంటల లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. మొత్తం శక్తి 430 అశ్వశక్తి, టార్క్ 773 న్యూటన్ మీటర్లు. ఇదే ఇంజను మోటారు లేకుండా 400 అశ్వశక్తిని, 678 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. మోటారు సామర్థ్యం 47 అశ్వశక్తి అయినా మొత్తానికి చేరినది 30 మాత్రమే. ఇంజను, మోటారు ఒకే భ్రమణ వేగం వద్ద తమ గరిష్ఠ శక్తిని ఇవ్వకపోవడమే ఇందుకు కారణం. టయోటా టండ్రా ఐ-ఫోర్స్ మాక్స్ కూడా ఇదే కోవకు చెందినది. 2022 మోడల్‌లో దాని మొత్తం శక్తి 437 అశ్వశక్తి, బ్యాటరీ 1.87 కిలోవాట్-గంటల నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం.

రెండవ ధోరణికి ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ ఉదాహరణ. దీనిలోని 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను అట్కిన్సన్ చక్రంపై పనిచేస్తుంది. పిస్టన్ పైకి కదలడం మొదలుపెట్టిన తరువాత కూడా గాలి లోపలికి వచ్చే కవాటాన్ని కొంతసేపు తెరిచి ఉంచడం ఈ పద్ధతి ప్రత్యేకత. దీనివల్ల సంపీడన దశ కంటే వ్యాకోచ దశ పొడవుగా ఉండి, మండిన వాయువుల నుంచి ఎక్కువ పని రాబట్టడం సాధ్యమవుతుంది. అయితే సిలిండర్‌లో నిలిచే గాలి తగ్గడంతో శక్తి, టార్క్ కూడా తగ్గుతాయి. ఆ లోటును మోటారు పూడుస్తుంది. మొత్తం శక్తి 191 అశ్వశక్తి. 2022 మోడల్‌లో బాడీలో మోయగల బరువు సుమారు 680 కిలోలు, లాగగల బరువు సుమారు 907 కిలోలు మాత్రమే. ఆ ఏడాది ఇదే వాహనం 2.0 లీటర్ల టర్బో ఇంజనుతో 250 అశ్వశక్తిని ఇస్తూ, తగిన అమరికతో దానికి రెట్టింపు బరువు లాగేది.

మొదటి ధోరణి శక్తిని కాపాడి పొదుపును పరిమితం చేసుకుంది. రెండవది శక్తిని వదులుకొని పొదుపును సాధించింది. రెండింటినీ పూర్తిగా ఇచ్చిన వాహనం ఏదీ లేదు. మొదటి కోవలో సైతం మోటారు, బ్యాటరీల అదనపు బరువు లాగుడు పరిమితిలో ప్రతిఫలిస్తుంది. 2021 ఎఫ్-150లో సాధారణ 3.5 లీటర్ల ఇంజను గరిష్ఠంగా సుమారు 6,350 కిలోలు లాగగా, హైబ్రిడ్ గరిష్ఠ పరిమితి 5,760 కిలోలు. అశ్వశక్తి పెరిగినా లాగుడు పరిమితి తగ్గిన ఈ వైచిత్రిని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి.

పరీక్ష ఫలితాలు చెప్పే కథ

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రతి మోడల్‌కు నగర, రహదారి మైలేజీలను విడివిడిగా ప్రకటిస్తుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే పై సూత్రం తేటతెల్లమవుతుంది.

నాలుగు చక్రాల చోదనం ఉన్న 2021 ఎఫ్-150లో సాధారణ 3.5 లీటర్ల ఇంజను నగరంలో గ్యాలనుకు 18 మైళ్లు, రహదారిపై 23 మైళ్లు ఇచ్చింది. హైబ్రిడ్ రెండు చోట్లా 24 మైళ్లు ఇచ్చింది. 100 కిలోమీటర్లకు అయ్యే ఇంధనంగా మార్చి చెబితే, నగరంలో 13.07 లీటర్లు 9.80 లీటర్లకు తగ్గింది, ఆదా 3.27 లీటర్లు, అంటే 25 శాతం. రహదారిపై 10.23 లీటర్లు 9.80కి తగ్గింది, ఆదా 0.43 లీటరు, అంటే 4 శాతం మాత్రమే.

ముందు చక్రాల చోదనం ఉన్న 2022 మావెరిక్‌లో టర్బో ఇంజను నగరంలో 23, రహదారిపై 30 మైళ్లు ఇవ్వగా, హైబ్రిడ్ వరుసగా 42, 33 మైళ్లు ఇచ్చింది. నగరంలో ఇంధన వినియోగం 10.23 లీటర్ల నుంచి 5.60 లీటర్లకు, అంటే 45 శాతం తగ్గింది. రహదారిపై తగ్గుదల 9 శాతం. సాధారణ వాహనాలు రహదారిపై మెరుగైన మైలేజీ ఇస్తాయన్నది అందరికీ తెలిసినదే. మావెరిక్ హైబ్రిడ్‌లో అది తలకిందులైంది. నగరంలోనే మైలేజీ ఎక్కువ. ఆగడం, కదలడం ఎంత ఎక్కువైతే హైబ్రిడ్‌కు పట్టుకోవడానికి అంత వృథా శక్తి దొరుకుతుంది.

ఈ పరీక్షలు ప్రయోగశాలలో, రోలర్లపై జరుగుతాయి. వాహనం వెనుక ట్రైలరు ఉండదు. కాబట్టి లాగేటప్పుడు ఏమి జరుగుతుందో ఈ అంకెలు చెప్పవు.

బరువు లాగేటప్పుడు బ్యాటరీ ఎంత దూరం తోడు వస్తుంది?

2,500 కిలోల పికప్ 4,000 కిలోల ట్రైలరును లాగుతోందని అనుకుందాం. మొత్తం బరువు 6,500 కిలోలు. దీనిని 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 1.77 కిలోవాట్-గంటలు. ఎఫ్-150 హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 1.5 కిలోవాట్-గంటలు. పూర్తిగా నిండిన బ్యాటరీని చివరి బొట్టు వరకు వాడినా, గాలి, దొర్లుడు నిరోధాలను పక్కన పెట్టినా, ఆ బరువును 85 మీటర్లకు మించి పైకి చేర్చలేదు. వాస్తవంలో బ్యాటరీ మన్నిక కోసం దాని సామర్థ్యంలో కొంత భాగాన్నే వాడనిస్తారు.

సమయపరంగా చూసినా ఇదే తేలుతుంది. మోటారు తన పూర్తి 35 కిలోవాట్లతో పనిచేస్తే బ్యాటరీ రెండున్నర నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఇది మూడున్నర కిలోమీటర్ల లోపు దూరం. అంతకంటే పొడవైన ఎత్తులో వాహనం కేవలం పెట్రోలు ఇంజనుపైనే ఆధారపడుతుంది. దానితో పాటు మోటారు, బ్యాటరీల బరువును కూడా మోస్తుంది. ఇక ఆ దశలో ఇంజను ఎక్కువ భారం వద్ద, అంటే సహజంగానే మెరుగైన సామర్థ్యంతో నడుస్తుంది గనుక, హైబ్రిడ్ వ్యవస్థ సరిదిద్దడానికి వృథా అక్కడ అంతగా ఉండదు.

దీనిని బట్టి మోటారు నిరుపయోగమని భావించరాదు. విద్యుత్ మోటారు నిశ్చల స్థితి నుంచే గరిష్ఠ టార్క్‌ను ఇస్తుంది. తడి నేలలో నిలిచిన ట్రైలరును కదిలించడానికి, పడవను రేవు వాలు నుంచి పైకి లాగడానికి, వాలుపై ఆగి బయలుదేరడానికి అది చక్కగా తోడ్పడుతుంది. టర్బో పుంజుకునే లోపు వచ్చే వెలితిని కూడా అది పూడుస్తుంది. శక్తి పరంగా హైబ్రిడ్ ఇచ్చే లాభం ఇలా క్షణాల, నిమిషాల వ్యవధిలోనిది. గంటల తరబడి సాగే లాగుడులో దాని వాటా స్వల్పం.

అటువంటి సుదీర్ఘ ప్రయాణంలో ఇంధనాన్ని నిజంగా తగ్గించేది వేగ నియంత్రణ. గాలి నిరోధ బలం వేగపు వర్గానుపాతంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గితే ఆ బలం 64 శాతానికి దిగుతుంది. ఎత్తైన పెట్టె ఆకారపు ట్రైలరుకు ఇది మరింత ముఖ్యం. పైసా ఖర్చు లేని ఈ మార్పు రహదారిపై హైబ్రిడ్ ఇచ్చే 4 శాతం కంటే ఎక్కువే మిగల్చగలదు.

నిలిచి ఉన్న వాహనం, నడిచే పనిముట్లు

హైబ్రిడ్ పికప్‌కు మరో ఉపయోగం ఉంది. మైలేజీ అంకెల్లో అది కనిపించదు. ఎఫ్-150 హైబ్రిడ్‌లో 2.4 కిలోవాట్ల విద్యుత్ సరఫరా సాధారణంగానే లభిస్తుంది; 7.2 కిలోవాట్ల సదుపాయాన్ని అదనంగా ఎంచుకోవచ్చు. వెల్డింగ్ యంత్రం, రంపం, గాలి కంప్రెసరు వంటివాటిని పొలం వద్దే నడపవచ్చు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుతో టెక్సాస్ రాష్ట్రంలో విద్యుత్తు నిలిచిపోయినప్పుడు ఈ వాహనాల యజమానులు కొందరు వాటితోనే ఇళ్లకు విద్యుత్తు అందించుకున్నారు.

ఇక్కడ కూడా మూల సూత్రం అదే. 7.2 కిలోవాట్ల భారంపై 1.5 కిలోవాట్-గంటల బ్యాటరీ 12 నిమిషాలకు కాస్త పైన మాత్రమే నిలుస్తుంది. తరువాత ఇంజను నడవవలసిందే. కానీ భారం తక్కువగా, విడతలుగా ఉన్నప్పుడు ఇంజను కొద్దిసేపు నడిచి బ్యాటరీని నింపి ఆగిపోతుంది. సాధారణ పికప్ ఇంజనును గంటల తరబడి ఊరకే తిప్పి చిన్న పనిముట్టును నడపడంతో పోలిస్తే ఇది గణనీయమైన ఆదా. పెద్ద పెట్రోలు ఇంజను ఏ పనీ చేయకుండా తిరిగినా గంటకు లీటరుకు పైగా తాగుతుంది. విడిగా జనరేటరు కొని, మోసుకెళ్లే ఖర్చు తప్పడం మరో లాభం.

అంకెలు చదివేటప్పుడు జాగ్రత్తలు

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే కొలత పొదుపును పోల్చడానికి సరైనది కాదు. లీటరుకు 5 నుంచి 6 కిలోమీటర్లకు పెరిగిన వాహనం 100 కిలోమీటర్లకు 3.3 లీటర్లు మిగులుస్తుంది. 15 నుంచి 18కి పెరిగినది 1.1 లీటరు మాత్రమే మిగులుస్తుంది. రెండింటిలోనూ మెరుగుదల 20 శాతమే; రెండవదానిలో పెరిగిన కిలోమీటర్లు మూడు రెట్లు; కానీ జేబులో మిగిలేది మూడో వంతు. అందువల్ల 100 కిలోమీటర్లకు లీటర్లు అనే కొలతనే వాడాలి.

సరుకు రవాణాలో దీనికి టన్ను-కిలోమీటరును కూడా జోడించాలి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తూ 600 కిలోలు మోసే వాహనం ఒక టన్నును ఒక కిలోమీటరు చేర్చడానికి 0.11 లీటరు తీసుకుంటుంది. లీటరుకు 10 కిలోమీటర్లే ఇస్తూ 1,500 కిలోలు మోసే వాహనానికి అది 0.067 లీటరు. రెండూ పూర్తిగా నిండితే రెండవదే పొదుపైనది. రెండూ సగటున 300 కిలోలతోనే తిరిగితే మొదటిదే మేలు. కాబట్టి ఏ వాహనం పొదుపైనదో నిర్ణయించేది అది మోసే నిజమైన సగటు భారమే.

ధర విషయంలో కూడా పని స్వభావమే ప్రధానం. ఉదాహరణకు హైబ్రిడ్‌కు అదనపు ధర 2 లక్షల రూపాయలని, లీటరు పెట్రోలు 100 రూపాయలని అనుకుందాం. ఎఫ్-150 నగర ఫలితాల ప్రకారం 100 కిలోమీటర్లకు 3.27 లీటర్లు మిగిలితే ఆ ధర సుమారు 61 వేల కిలోమీటర్లలో తిరిగి వస్తుంది. రహదారి ఫలితాల ప్రకారం 0.43 లీటరే మిగిలితే అందుకు 4 లక్షల 60 వేలకు పైగా కిలోమీటర్లు తిరగాలి. వాహనం ఒకటే, ధర ఒకటే. మారినది దారి మాత్రమే.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పంటను మార్కెట్ యార్డులకు చేర్చే బొలెరో పికప్, దోస్త్ వంటి చిన్న సరుకు వాహనాలు ప్రధానంగా డీజిలువి. అమెరికా హైబ్రిడ్ అంకెలను వీటికి నేరుగా అన్వయించరాదు. డీజిలు ఇంజనులో గాలిని థ్రాటిల్‌తో అడ్డుకోరు. ఇంధనం పరిమాణాన్ని మార్చడం ద్వారానే శక్తిని నియంత్రిస్తారు. అందువల్ల తేలిక భారం వద్ద కూడా అది పెట్రోలు ఇంజనంత అసమర్థంగా మారదు. పైగా ఈ వాహనాల ఇంజన్లు చిన్నవి, అవి మోసే బరువు ఎక్కువ. పట్టుకోవడానికి వృథా తక్కువగా ఉన్నచోట హైబ్రిడ్ ఇచ్చే లాభం కూడా తక్కువే ఉంటుంది.

ట్రాక్టరు విషయంలో ఈ సూత్రం మరింత కచ్చితంగా వర్తిస్తుంది. దుక్కి దున్నేటప్పుడు, రోటవేటరు తిప్పేటప్పుడు, దమ్ము చేసేటప్పుడు ఇంజను గంటల తరబడి దాదాపు స్థిరమైన భారం కింద పనిచేస్తుంది. నాగలి ద్వారా మట్టిలోకి వెళ్లిన శక్తి పెళ్లలు పగలడంలో, రాపిడి వేడిలో ఖర్చవుతుంది. అందులో తిరిగి పట్టుకోగలది ఏమీ లేదు. ట్రాలీ లాగేటప్పుడు కూడా గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లే 6 టన్నుల ట్రాక్టరు, ట్రాలీల గతిజ శక్తి 0.04 యూనిట్ మాత్రమే. కాబట్టి కేవలం బ్రేకుల నుంచి శక్తిని రాబట్టే హైబ్రిడ్ ఏర్పాటు వల్ల ట్రాక్టరుకు చెప్పుకోదగిన ఇంధన పొదుపు చేకూరదు. సరైన గేరు ఎంపిక, చక్రాల జారుడు తగ్గించే బరువు అమరిక, టైర్లలో తగిన గాలి, పదునుగా ఉన్న నాగలి కర్రు, నేలలో తగిన పదును ఉన్నప్పుడే దున్నడం వంటి చర్యలే అక్కడ ఇంధనాన్ని మిగులుస్తాయి.

ఘాట్ మార్గాలు వేరొక ఉదాహరణను ఇస్తాయి. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పంట విశాఖపట్నం వైపు దిగుతుంది. వాహనం తరచు తేలికగా తిరిగి ఎక్కుతుంది. మొత్తం 3 టన్నుల వాహనం ప్రతి 100 మీటర్లు దిగినప్పుడు 0.8 యూనిట్ స్థితిజ శక్తి విడుదలవుతుంది. నష్టాలను మినహాయించినా, 1.5 యూనిట్ల హైబ్రిడ్ బ్యాటరీ ఘాట్ సగం దిగకముందే నిండిపోతుంది. ఆపైన శక్తి అంతా బ్రేకుల పాలే. ఇటువంటి దారిలో పెద్ద బ్యాటరీ ఉన్న పూర్తి విద్యుత్ వాహనానికి అవకాశం ఎక్కువ. 2022లో ప్రకటితమైన టాటా ఏస్ విద్యుత్ వాహనపు బ్యాటరీ 21.3 కిలోవాట్-గంటలు, దిగేటప్పుడు వచ్చే శక్తిని ఇముడ్చుకునే చోటు అందులో ఉంది. అయితే మోసే బరువు, ఛార్జింగ్ సదుపాయం, ఒక్క ఛార్జితో వెళ్లే దూరం అనే మూడు పరిమితులను సరిచూసుకున్న తరువాతే అటువంటి సలహా ఇవ్వాలి.

వాహనం నుంచి విద్యుత్ సరఫరా అనే సదుపాయాన్ని చూసి బోరు మోటార్లు కూడా నడుస్తాయని ఆశించడం సరికాదు. మన వ్యవసాయ పంపుసెట్లలో అధిక భాగం త్రీఫేజ్‌వి. వాటికి తగిన కన్వర్టరు లేకుండా ఈ సరఫరా పనికిరాదు. పైగా మోటారు ప్రారంభమయ్యే క్షణంలో తీసుకునే విద్యుత్తు, నడిచేటప్పుడు తీసుకునేదానికి అనేక రెట్లు ఉంటుంది.

సలహా ఇచ్చే ముందు వేయవలసిన ప్రశ్నలు

రైతు సంఘం ఒక వాహనాన్ని గానీ, యంత్రాన్ని గానీ పొదుపు పేరుతో కొనదలచినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ముందుగా దాని పనిదినాన్ని కాగితంపై పెట్టించాలి. రోజుకు ఎన్నిసార్లు ఆగుతుంది? ఎంతసేపు ఇంజను ఊరకే నడుస్తుంది? సగటు భారం ఎంత? గరిష్ఠ భారంతో ఎన్ని గంటలు పనిచేస్తుంది? దారిలో ఎక్కుడు, దిగుడు ఎంత? తిరుగు ప్రయాణంలో సరుకు ఉంటుందా? ఒక వారం పాటు ఈ వివరాలను, పోసిన ఇంధనంతో సహా, చోదకుని చేత పుస్తకంలో రాయిస్తే, ఏ ప్రచార పత్రమూ ఇవ్వలేని సమాచారం చేతికి వస్తుంది. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది చక్కని క్షేత్ర అధ్యయనాంశం కూడా.

ఆ పుస్తకంలో ఆగుడు, కదలిక, ఊరక నడక ఎక్కువగా కనిపిస్తే హైబ్రిడ్ లేదా విద్యుత్ వాహనం గురించి ఆలోచించవచ్చు. దీర్ఘమైన, స్థిరమైన లాగుడు ఎక్కువగా కనిపిస్తే సమర్థమైన డీజిలు ఇంజను, వేగ నియంత్రణ, సరైన భారం, సకాల నిర్వహణ మేలు. రెండూ కలిసి ఉంటే ఏ పనికి ఎన్ని కిలోమీటర్లు వెళ్తున్నాయో విడదీసి లెక్కించాలి. అదనపు ధర ఎన్ని కిలోమీటర్లలో తిరిగి వస్తుందన్న అంకె తేలిన తరువాతే సంఘం అప్పు పత్రంపై సంతకం చేయడం శ్రేయస్కరం.